సారాంశం చదివి ఏడవకు

మా బావకు రెండు మారుపేర్లున్నాయి. పనిచేసే చోట ఆయన్ని 'ఏమాట మాస్టారు' అంటారు. మా ఇంట్లో 'ఆరంభశూరుడు' అంటారు. మొదటిది ముఖం మీదే అంటారు. రెండోది ఆయన భోజనం ముగించి చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు అంటారు. ఇరవై ఏడేళ్ళుగా ఆ రెండో పేరు వాడినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ నాలుగు మాటలూ నేనే రాయాలి.

బావ అంటే మా అక్క భర్త. విశ్వవిద్యాలయం లైబ్రరీలో రెండో అంతస్తు మీద, జిరాక్సు మిషనుకీ మంచినీళ్ళ కుళాయికీ మధ్య ఆయన బల్ల. పరిశోధన చేసేవాళ్ళు తమకంటే ముందు ఎవరు ఏం రాశారో డేటాబేసుల్లో వెతుక్కోవాలి కదా, ఆ వెతకడం ఎలాగో చెప్పడమే ఆయన ఉద్యోగం. ఎవరొచ్చి ఎంత గోలపెట్టినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ఏ మాటతో వెతికారు?" రెండో ప్రశ్న: "ఎక్కడ రాసుకున్నారు?" రెండో ప్రశ్నకు జవాబు లేనివాళ్ళకు మూడో ప్రశ్న ఉండదు. సొరుగులోంచి ఒక పెన్సిలూ స్కేలూ తీసి ఇచ్చి, నోటుబుక్కు కొనుక్కుని రమ్మంటాడు. పెన్సిలు మళ్ళీ అడిగి తీసుకుంటాడు.

ఆ నోటుబుక్కులో ఆరు గళ్ళు గీయాలి. తేదీ, ఏ డేటాబేసు, ఏ మాటలు, ఏ షరతులు, ఎన్ని వచ్చాయి, ఎన్ని చదివారు. ఏమీ దొరకని రోజు కూడా రాయాలి. "దొరకని రోజే ముఖ్యం" అంటాడు. కంప్యూటరు అన్నీ గుర్తుపెట్టుకునే ఈ కాలంలో ఈ గీతలేమిటని ఒకసారి అడిగాను. "దానికి గుర్తుంటుంది. నీకుండదు" అన్నాడు. అంతటితో నాకు ఒళ్ళు మండి, రెండేళ్ళపాటు ఆ మెట్లెక్కలేదు.

నేను ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. మా నానమ్మ మంచాన పడ్డ నాలుగేళ్ళూ ఆవిడను ఎత్తి, దించి, పక్కకు తిప్పి మా అమ్మ నడుం పోయింది. నానమ్మ పోయింది కానీ అమ్మ నడుంనొప్పి పోలేదు. మంచానపడ్డ మనిషిని చూసుకునే ఆడవాళ్ళ నడుంనొప్పి మీద నేను పీహెచ్‌డీకి చేరడానికి కారణం అదే. ఉద్యోగం చేసుకుంటూ ఆరేళ్ళు లాగాను. ఎనభై ఇళ్ళు తిరిగాను, టేపు పెట్టి మంచాల ఎత్తు కొలిచాను. గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించేది లేదనీ, శుక్రవారం సాయంత్రం అయిదింటికి గ్రంథం అందకపోతే రిజిస్ట్రేషను రద్దవుతుందనీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

సోమవారం పొద్దున మా గైడు మేడమ్ రెండో అధ్యాయం వెనక్కిచ్చింది. ఆ అధ్యాయం పేరు సాహిత్య సమీక్ష. ఆ పేరు విని మా అమ్మ చాలాకాలం నేను కథలూ కవిత్వం చదువుతున్నాననుకుని, మంచి కథ ఏదైనా ఉంటే చెప్పమనేది. అందులో కథలుండవు, ఇదివరకటి పరిశోధనల గురించి ఉంటుంది. మేడమ్ పైన ఎర్రసిరాతో రాసింది: 'ఎలా వెతికావు? ఎక్కడ, ఏ మాటలతో, ఏ షరతులతో? ఒక పేరా రాయి. ఇది లేకుండా సంతకం పెట్టను.'

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఎలా వెతికానో నాకెలా తెలుస్తుంది? రెండేళ్ళ కిందట ఆసుపత్రి కంప్యూటరులో కూర్చుని ఏవో మాటలు కొట్టాను. మొదట నలభై ఎనిమిది వేలు వచ్చాయి. ఇంకో మాట చేరిస్తే సున్నా వచ్చింది. మధ్యలో పాస్‌వర్డు మారింది. నేను మనిషినేనా కాదా తేల్చుకోవడానికి సైకిళ్ళున్న బొమ్మలన్నీ గుర్తుపట్టమంది. గుర్తుపట్టి వచ్చేసరికి సమయం మించిపోయిందని నన్ను బయటికి నెట్టింది. తల ప్రాణం తోకకొచ్చాక ఎలాగో ఆరు వ్యాసాలు దొరికాయి, ఏదీ సరిగ్గా నా విషయం మీద కాదు. కొత్తవి వస్తే చెప్పమని ఆ వెతుకులాటను అందులోనే దాచిపెట్టుకున్నాను. అప్పటినుంచీ ప్రతి సోమవారం ఒక మెయిలు వస్తుంది: 'మీ అన్వేషణకు కొత్త ఫలితాలు లేవు.' లేవంటే నాకు పండగే. దాన్ని నమ్ముకునే అధ్యాయం మొదట్లో ఒక వాక్యం రాశాను: 'మంచానపడ్డవారిని చూసుకునే స్త్రీల నడుంనొప్పిపై ఇప్పటివరకు ఎవరూ పరిశోధన చేయలేదు.' ఆ వాక్యం నాకెంత ముద్దంటే దాన్ని మా అక్కకు ఫోనులో చదివి వినిపించాను.

వేరే దారిలేక సోమవారం మధ్యాహ్నం బావ బల్ల ముందు నిలబడ్డాను. ఏసీ లోంచి కారే నీళ్ళకు బకెట్టు పెట్టి ఉంది. బావ కళ్ళజోడు తాడు సర్దుకుని నా వాక్యం చదివాడు.

"ఎవరూ చేయలేదా, నీకు దొరకలేదా?" అన్నాడు.

"రెండూ ఒకటే కదా బావా."

"ఒకటి కాదు చిన్నమ్మాయ్. ఏ మాటతో వెతికావు?"

"మీకు దణ్ణం పెడతాను, ఆ ప్రశ్న వెయ్యకండి. నాలుగు రోజులే ఉంది. ఒక పేరా రాసివ్వండి, పోతాను."

"వెతికింది నువ్వు, రాసేది నేనా?"

నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. పెన్సిలూ స్కేలూ ఇచ్చాడు. బీరువాలోంచి మూలలు అరిగిపోయిన గోధుమరంగు నోటుబుక్కు ఒకటి తీసి, "ఇది చూడు, ఇలా ఉండాలి. చివరిదాకా చూడు" అన్నాడు. సరేనని మొదటి పేజీ చూశాను. గళ్ళూ గీతలూ ముత్యాల్లాంటి అక్షరాలూ ఉన్నాయి. చూసిందే చాలని సంచిలో పడేశాను.

మంగళవారం ఆసుపత్రికి సెలవు పెట్టి, గుర్తున్నదీ లేనిదీ కలిపి నా నోటుబుక్కు నింపుకుని వెళ్ళాను. బావ ముందు అడిగింది "ఆ పాతది చివరిదాకా చూశావా?" అని. చూశానన్నాను. ఆయన నా నోటుబుక్కు తిరగేసి, పెన్సిలు మొనతో ఒకచోట తట్టాడు.

"నాలుగో గడి అంతా ఖాళీగా ఉందేం?"

"షరతులేం పెట్టలేదు బావా. ఏముంటే అది చూపించమన్నాను."

"ఏదీ, నువ్వు దాచుకున్నది తెరువు."

తెరిచాను. 'ఇ' అక్షరం చెరిగిపోయిన ఆ కీబోర్డు మీద నా పాస్‌వర్డు కొట్టడానికే మూడుసార్లు పట్టింది. తెర ఎడమ అంచున, ఎవరూ చూడనిచోట, చిన్న గడిలో ఒక టిక్కు ఉంది. పక్కన రాసి ఉంది, పూర్తిపాఠం దొరికేవి మాత్రమే చూపించు అని.

"ఇదేంటి?" అన్నాడు.

నాకప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు ఏ వ్యాసం నొక్కినా పేరూ సారాంశమూ చూపించి, లోపలికి రానివ్వకుండా తలుపు మూసేది. చదవడానికి లేనివి ఊరించడం ఎందుకని విసుగొచ్చి ఆ టిక్కు నేనే పెట్టాను. అంటే మా లైబ్రరీ తెప్పించే పత్రికల్లో ఉన్నవే నాకు చూపించు, మిగతా ప్రపంచం వద్దు అన్నాను. ఆ షరతుతోనే దాచుకున్నాను. రెండేళ్ళుగా ప్రతి సోమవారం అది నేను చెప్పినట్టే మిగతావన్నీ దాచి, కొత్తవి లేవని మెయిలు పంపింది.

బావ టిక్కు తీసేశాడు. ఆరు కాస్తా రెండువందల పద్నాలుగు అయింది.

"బావా" అన్నాను.

"రాసుకో. నాలుగో గడిలో. ముందు పెట్టినదీ రాయి, ఇప్పుడు తీసినదీ రాయి."

బుధవారం పొద్దున్నుంచి ఇద్దరం రెండువందల పద్నాలుగు పేర్లూ చదివాం. ఆయన పైకి చదువుతాడు, నేను 'వద్దు' అనో 'ఉంచు' అనో అనాలి. 'చూద్దాం' అంటే ఒప్పుకోడు. మధ్యలో ఒకడొచ్చి ప్రింటరులో కాగితం ఇరుక్కుందంటాడు. ఇంకొకామె వచ్చి ఫలానా వ్యాసం రేపటికల్లా కావాలంటుంది, పేరు గుర్తులేదంటుంది. బావ ఆమెనూ అడుగుతాడు, ఏ మాటతో వెతికారని. వాళ్ళందర్నీ పంపి, చేతులు తుడుచుకుని, ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడే మొదలుపెడతాడు. ఆ తీరికకు నాకు జుట్టు పీక్కోవాలనిపించింది.

నూట డెబ్భై మూడో పేరు దగ్గర ఆయన గొంతు తగ్గింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాను.

తొమ్మిదేళ్ళ కిందటి వ్యాసం. ఎవరో నాకు తెలియని ఇద్దరు. మంచానపడ్డవారిని చూసుకునే స్త్రీలు, నూట ఇరవైమంది. ఎత్తేటప్పుడు వంగే తీరు, నడుంనొప్పి. ఎలా ఎత్తాలో నేర్పిస్తే నొప్పి తగ్గిందా? తగ్గింది. సారాంశం ఎనిమిది వాక్యాలుంది. నా ఆరేళ్ళ చాకిరీ ఆ ఎనిమిది వాక్యాల్లో ఉంది. కిందే, పూర్తిపాఠం ఈ లైబ్రరీలో అందుబాటులో లేదు అని ఉంది.

ఒక నిమిషం తర్వాత నాకొక ఆలోచన వచ్చింది. అది మంచి ఆలోచన కాదు. అయినా వచ్చింది, అన్నాను కూడా.

"బావా, దీన్ని మనం చూడలేదనుకుందాం. మేడమ్‌కి తెలీదు. ఎవరికీ తెలీదు. ఆ టిక్కు అలాగే ఉందనుకోండి."

"చూశాం కదమ్మా."

"శుక్రవారం దాకా చూడలేదనుకోండి! ఆ తర్వాత మీ ఇష్టం."

"చూశాక చూడలేదని ఎలా రాస్తావు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మనిషి సాయానికి రమ్మంటే వచ్చినవాడు కాదు, నేనే వెళ్ళాను. అయినా ఆ క్షణంలో నా ఆరేళ్ళను ఆయనే పెన్సిలుతో కొట్టేసినట్టనిపించింది. నోటికొచ్చింది అనేశాను.

"మీరెలాగూ మధ్యలో వదిలేశారు. ఇప్పుడు నన్నూ పూర్తి చెయ్యనివ్వరా?"

ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. పెళ్ళినాటికి బావ పీహెచ్‌డీ చేస్తున్నాడు. పాత కాగితం పెళుసుబారకుండా ఆపడం ఎలాగని ఆయన విషయం. అల్లుడు డాక్టరు కాబోతున్నాడని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంది. పెళ్ళయిన ఏడాదికే ఆయన దాన్ని వదిలేసి లైబ్రరీలో చేరాడు. కుదరలేదన్నాడు. అంతే. అమ్మ ఆరోజే 'ఆరంభశూరుడు' అని పేరు పెట్టింది.

బావ నా ముఖంలోకి చూడలేదు. బల్ల మీది రెండు పెన్సిళ్ళనూ పక్కపక్కన సరిచేశాడు.

"సారాంశం చదివి ఏడవకు. వ్యాసం వచ్చాక ఏడుద్దువుగాని" అని ఫోను తీశాడు.

వేరే ఊళ్ళో, ఆ పత్రిక తెప్పించే లైబ్రరీలో ఆయనలాంటి మనిషే ఒకామె ఉందట. పద్దెనిమిదేళ్ళుగా ఒకరి వ్యాసాలు ఒకరికి పంపుకుంటున్నారు, ఒక్కసారీ చూసుకోలేదు. ఆమె సెలవులో ఉంది. రేపు వస్తుందన్నారు.

ఇంటికి వెళ్తే అమ్మ నడుంకింద వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుని ఉంది. "అయిందా?" అంది. అవుతోందన్నాను. "నువ్వైనా పూర్తి చెయ్యవే" అంది. గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

గురువారమంతా నేను బల్ల ముందు కుర్చీలో శిక్ష పడ్డట్టు కూర్చున్నాను. బావతో మాట్లాడలేదు. ఆయన ఆమె కోసం మాటిమాటికీ ఫోను చేశాడు. సాయంత్రం నాలుగింటికి ఆమె దొరికింది. పాత సంచికలు కింద గోదాములో ఉన్నాయంది. పొద్దున పంపుతానంది.

శుక్రవారం పదిన్నరకు వచ్చింది. పన్నెండు పేజీల వ్యాసం, ఒక్కో పేజీ ఫొటో తీసి పంపింది. ఏడో పేజీ తలకిందులుగా ఉంది. తొమ్మిదో పేజీ లేనేలేదు. నేను బల్ల మీద తల కొట్టుకున్నాను. బావ మళ్ళీ ఫోను చేసి, ఆమెకు నిదానంగా కృతజ్ఞతలు చెప్పి, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారో కనుక్కుని, అప్పుడు అడిగాడు తొమ్మిదో పేజీ గురించి. ఆ మర్యాద చూస్తుంటే నాకు ఆ ఫోను లాక్కోవాలనిపించింది.

ఈలోగా ఉన్న పేజీలు చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీలోనే ఆగిపోయాను. ఆ నూట ఇరవైమందీ ఆసుపత్రుల్లో పనిచేసే ఆయాలు. పిడి తిప్పితే పైకి లేచే, కిందికి దిగే మంచాలు. బరువైన మనిషికి ఇద్దరేసి ఆయాలు. నా ఎనభై ఇళ్ళలో మంచాలు మోకాలి ఎత్తు దాటవు. ఎత్తేది ఒక్కతే, కోడలో కూతురో. సారాంశంలో ఈ ముక్క ఎక్కడా లేదు, 'చూసుకునే స్త్రీలు' అని మాత్రమే రాసి ఊరుకున్నారు మహానుభావులు. పదకొండుంబావుకు తొమ్మిదో పేజీ వచ్చింది. దాని చివరి పేరాలో వాళ్ళే రాశారు, ఇళ్ళలో సాయం లేకుండా చూసుకునేవారి సంగతి తాము చూడలేదనీ, ఎవరైనా చూడాలనీ.

ఏడ్చాను. బావ చెప్పినట్టు వ్యాసం వచ్చాకే ఏడ్చాను.

"తర్వాత ఏడుద్దువుగాని. రాయి" అన్నాడు, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి.

నా ముద్దుల వాక్యం కొట్టేశాను. దాని స్థానంలో నాలుగు వాక్యాలొచ్చాయి. ఆ ఇద్దరి పేర్లూ, వాళ్ళేం చూశారో, ఏం చూడలేదో, నేను ఎక్కడినుంచి మొదలుపెట్టానో. ఎలా వెతికానో చెప్పే పేరా కూడా నోటుబుక్కు చూసి రాసేశాను. టిక్కు సంగతి కూడా దాచకుండా రాశాను. మూడింటికి మేడమ్ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టింది.

నాలుగున్నరకు ఆఫీసు కిటికీ ముందు వరుసలో నిలబడ్డాను. రసీదు రాసే గుమస్తా ముద్ర కోసం లోపలికి వెళ్ళి ఎంతకీ రాడు. సంచిలో పెన్ను కోసం వెతుకుతుంటే బావ ఇచ్చిన గోధుమరంగు నోటుబుక్కు చేతికి తగిలింది. ఏం తోచక తిరగేశాను. అందులో ఎవరో విద్యార్థి పేరుంటుందనుకున్నాను. అక్షరాలు బావవి. అప్పట్లో డేటాబేసులు సీడీల్లో వచ్చేవి కాబట్టి 'ఏ డేటాబేసు' అన్నచోట సీడీ నంబర్లున్నాయి. మాటలన్నీ కాగితం గురించే. రోజు వెంట రోజు, సున్నా, సున్నా, రెండు, సున్నా. చివరికొచ్చాను.

ఆఖరి వరుసలో 'ఎన్ని వచ్చాయి' దగ్గర ఒకటి అని ఉంది. 'ఎన్ని చదివారు' దగ్గర 'సారాంశం' అని ఉంది. దాని కింద గళ్ళు దాటి రాసుకున్నాడు: 'ఇదే నా విషయం. వేరేవాళ్ళు చేసేశారు.' పది రోజుల తర్వాతి తేదీతో: 'రిజిస్ట్రేషను రద్దుకు కాగితం ఇచ్చాను.' పేజీ తిప్పాను. మూడు నెలల తర్వాతి తేదీ వేసి ఉంది: 'పూర్తి వ్యాసం తపాలాలో వచ్చింది. చదివాను. నా ప్రశ్న ఇది కాదు.'

ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. గుమస్తా రెండుసార్లు పిలిచాడట, నాకు వినబడలేదు.

శనివారం అక్కా బావా మా ఇంటికి భోజనానికొచ్చారు. రసీదు అమ్మ చేతుల్లో ఉంది. పొద్దుటినుంచీ దాన్ని వదల్లేదు. వడ్డిస్తూ, ఆ సంతోషంలో, బావ ఎదురుగానే అనేసింది.

"మా చిన్నది మాత్రం మధ్యలో వదిలే రకం కాదు."

అక్క తల వంచుకుంది. ఇరవై ఏడేళ్ళుగా అలాగే వంచుకుంటోంది. బావ కూర వేసుకుంటున్నాడు. నాకు ఆ ఇంటి మీద, అమ్మ మీద, అందరికంటే ఎక్కువ నామీద కోపమొచ్చింది. లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి, చివరి రెండు పేజీలూ పైకి చదివాను. బావ "ఇప్పుడెందుకమ్మా" అన్నాడు. ఆగలేదు. తేదీలతో సహా చదివాను. ఈయన ఒక్క బుధవారం నోరు మూసుకుని ఉంటే నేను అబద్ధం మీద సంతకం పెట్టించుకునేదాన్ననీ, ఒక్క గురువారం ఫోను చెయ్యకపోతే నేనూ వదిలేసేదాన్ననీ చెప్పాను. ఆయన్ని నేనేం మాటన్నానో అది కూడా చెప్పాను.

అక్క బావవైపు చూస్తూ ఉండిపోయింది. ఆమెకూ తెలియదు. చివరికి అమ్మే అడిగింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు అల్లుడుగారూ?"

"ఎవరూ అడగలేదు అత్తయ్యగారూ" అన్నాడు బావ, తప్పు తనదే అయినట్టు.

అమ్మ ఆయన గ్లాసు ఖాళీగా ఉండటం చూసి, నడుం పట్టుకుని నీళ్ళ కోసం లేవబోయింది.

"మీరు వంగకండి" అని బావే లేచి, అందరి గ్లాసుల్లోనూ నీళ్ళు పోశాడు.